మా మేనల్లుడు, మీ ఎమ్మెల్యే

మా మేనల్లుడు పోయాడన్న కబురు నాకు మొదట చెప్పింది ఫ్లెక్సీలు వేసే అబ్బాయి. పొద్దున్నే ఫోన్ చేసి, "టీచరమ్మా, ఎమ్మెల్యే అన్నది మంచి ఫోటో ఏదన్నా ఉండాదా? నవ్వేది వద్దు మా, కొంచెం గంభీరంగా ఉండేది" అన్నాడు. ఇప్పుడెందుకురా అంటే గొంతు తగ్గించి, "మీకింకా చెప్పలేదా?" అన్నాడు. స్టవ్ ఆర్పేసి కుర్చీలో కూర్చున్నాను. చెన్నై ఆసుపత్రిలో డెంగ్యూ జ్వరంతో పడుకున్న మనిషి, నలభై కూడా నిండని మనిషి, తెల్లవారుజామున పోయాడట. ఫోటో మాత్రం మధ్యాహ్నంలోగా కావాలట.

సంస్మరణ సంచికకు నాలుగు మాటలు రాయమని వాడి మనుషులే అడిగారు. ఎలా రాయాలో నమూనా కూడా పంపారు. అందులో వాడు పేదల పెన్నిధి, మచ్చలేని చంద్రుడు, కడలి బిడ్డల కంటివెలుగు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. వాడి కళ్లు నాకు తెలుసు. చిన్నప్పుడు ఏడ్చిన ప్రతిసారీ నా కొంగుతోనే తుడుచుకున్నాడు. మామూలు కళ్లే. అందుకని నాకు తెలిసిందే రాస్తున్నాను. వేసుకుంటే వేసుకోండి, లేకపోతే లేదు.

వాడి తల్లి పురిట్లోనే పోయింది. మా అన్న ఎప్పుడూ వేటకు పోయి సముద్రం మీదే ఉండేవాడు. నేను ఊరి బళ్లో టీచర్ని, పెళ్లి చేసుకోలేదు. వాడు నా దగ్గరే పెరిగాడు. నా సంచీ మోసుకుంటూ ఇసుకలో నా వెనకే బడికి వచ్చేవాడు. చదువు అంతంతమాత్రం. ఒక్క విద్య మాత్రం పుట్టుకతో వచ్చింది, పేర్లు మరిచిపోయేవాడు కాదు. బడికి ఎవరు రాలేదో నేను హాజరు తీయకముందే చెప్పేవాడు. ఒకసారి విన్న పేరు వాడి నోట్లోంచి మళ్లీ ఎప్పుడైనా ప్రేమగానే వచ్చేది. దేవుడు వాడికి ఇచ్చిన ఆస్తి అదొక్కటే.

వాడి పక్కన ఎప్పుడూ ఇంకొకడు ఉండేవాడు, పక్కింటి పిల్లవాడు. ఇద్దరూ మా ఇంట్లో ఒకే చాప మీద తినేవాళ్లు. మావాడికి చేప ముళ్లు తీయడం చేతకాదు. వల విసిరేవాళ్ల ఇంట్లో పుట్టి ముల్లంటే భయపడే పిల్లవాణ్ని నేను వీణ్నే చూశాను. ఆ పక్కింటివాడే ముళ్లు తీసి వీడి కంచంలో పెట్టేవాడు. "తినరా, గొంతులో పడితే నాది పూచీ" అనేవాడు. మావాడు మహారాజులా తినేవాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది, వీడు రాజకీయాల్లోకి పోతాడని.

ఇంజనీరింగు సగంలో వదిలేసి ముత్తుకూరు పోయాడు. పోర్టు పనులకూ కరెంటు ప్లాంట్లకూ కూలీలను పంపే ఒక కాంట్రాక్టరు వెనక తిరిగి, కొన్నాళ్లకు వాడే కాంట్రాక్టరయ్యాడు. తెల్లచొక్కా తొడిగాడు. తొడిగిన రోజు నుంచి జోడించిన చేతులు విప్పలేదు. ఒకసారి మా వీధిలో కారు అద్దం దించి కరెంటు స్తంభానికి దండం పెట్టాడు. వెనక మనిషెవరైనా ఉన్నారేమోనని నేను పోయి చూశాను. ఎవరూ లేరు.

పార్టీకి ఒక కుర్రవాడు కావాలి, అందులోనూ సముద్రం మనిషి కావాలి. టికెట్టు వచ్చింది. మా తీరం ఊళ్లలో దురాయి అని ఒక కట్టుబాటుంది. పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారంటే ఊరంతా దానికి లోబడాల్సిందే. ఓటు మన బిడ్డకే అని దురాయి వేశారు. వాడు ఇచ్చిన మాట కూడా ఒక్కటే. మా వాగు సముద్రంలో కలిసేచోట ఇసుక మేట వేసి పడవలు తలకిందులవుతుంటాయి. ఆ ముఖద్వారంలో పూడిక తీయిస్తానన్నాడు. గెలిచాడు.

అసెంబ్లీలో వాడు మాట్లాడతాడని మా ఊరంతా టీవీ ముందు కూర్చుంది. లేచి నిలబడి అధినేతకు ధన్యవాదాలన్నాడు, సభాపతికి ధన్యవాదాలన్నాడు, తన మీద నమ్మకముంచిన ప్రతి నాయకుడికీ పేరుపేరునా ధన్యవాదాలన్నాడు. "అధ్యక్షా, మా ముఖద్వారం" అనగానే గంట కొట్టారు, మైకు ఆగిపోయింది. వాడు దండం పెట్టి కూర్చున్నాడు. మా వాళ్లు చప్పట్లు కొట్టారు! నేను టీవీ కట్టేశాను.

పూడిక తీయలేదు గానీ శిలాఫలకం వేశారు. గాలివానకు అది ఒరిగితే ఇంకొకటి వేశారు. వాటి మీద మా వాళ్లు వలలు ఆరేసుకుంటారు. ఆ మాత్రం ఉపయోగం ఉంది కాబట్టి ఊరికే తిట్టను. ఏమైందిరా అని అడిగితే, "చూద్దాం అత్తా, పైన మాట్లాడుతుండా" అనేవాడు. ఆ పైన ఎవరుంటారో నాకు చెప్పలేదు. ఇప్పుడు వాడే పోయాడు, మాట్లాడతాడేమో.

కారు పెద్దదయ్యేకొద్దీ వాడికున్న ఆ ఒక్క విద్యా పోయింది. పక్కన ఒక పీఏ చేరాడు. ఎదుటి మనిషి పేరు ఆ పీఏ వీడి చెవిలో చెబితే, ఆ తర్వాత మావాడు నోరారా పిలిచేవాడు. జనం పొంగిపోయేవాళ్లు.

కిందటి వానాకాలంలో ఆ పక్కింటివాడి పడవ ముఖద్వారం దగ్గర బోల్తా పడింది. తోటివాళ్లు ఈదుకుని వచ్చారు, వాడు రాలేదు. సాయంత్రానికి శవాన్ని తెచ్చి గుమ్మంలో పడుకోబెట్టారు. మా ఊళ్లో ఎవరు పోయినా, తాగి పోయినా సరే, శవం ఊరు దాటేదాకా ఒక్క పడవ కూడా కదలదు. దురాయి వేయనక్కర్లేదు, అది అందరికీ తెలిసిందే. అయితే మరునాడే మంత్రిగారు వస్తున్నారు, పడవల ఊరేగింపులో వచ్చి ఇంకో ఫలకం ఆవిష్కరించడానికి. మా మేనల్లుడు ఊరి పెద్దకు ఫోన్ చేశాడు. "ఒక్క పూట ఆ కట్టు ఎత్తేయండి పెదనాయనా, నా మాట పోతాది" అన్నాడట. పెద్ద ఎత్తేశాడు. ఆ పొద్దు గుమ్మంలో శవం, సముద్రంలో బెలూన్లు కట్టిన పడవలు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్లను చూశాను గానీ, తెప్ప మీద శవం ఉండగా తగలేసినవాణ్ని నా ఇంట్లోనే పెంచానని ఆ రోజు తెలిసింది.

మూడోరోజు పరామర్శకు వచ్చాడు. ఫోటో తీసేవాడు సిద్ధంగా ఉన్నాడు. ఆ పిల్ల, చనిపోయినవాడి భార్య, గుమ్మంలో నిలబడి ఉంది. మావాడు నోరు తెరిచి, ఆగి, చెవి పీఏ వైపు వంచాడు.

ఆమె చూసింది. నేనూ చూశాను. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది.

"నీకు ముళ్లు తీసి పెట్టినవాడి పేరురా అది" అన్నాను.

"నిద్రలేక తల పనిచెయ్యడంలేదత్తా" అన్నాడు.

ఆ తర్వాత ఒక్కసారే వచ్చాడు మా ఇంటికి. జ్వరం పట్టుకునే ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎవరిదో బైకు తీసుకుని ఒక్కడే వచ్చాడు. చేపల పులుసు వడ్డించాను. అలవాటుగా కంచం నా వైపు జరిపాడు. "నువ్వే తీసుకో" అన్నాను. ఒక్కో ముల్లూ ఏరి కంచం అంచున పెట్టుకుంటూ, బళ్లో కొత్తగా చేరిన పిల్లవాడిలా తల వంచుకుని తిన్నాడు. చేయి కడుక్కుని, "వాళ్లింటికి పోతే రానిస్తారా అత్తా?" అన్నాడు. "పోయి చూడు" అన్నాను. బైకు ఎటు పోయిందో నేను చూడలేదు.

వాడి శవం చెన్నై నుంచి వస్తుంటే హైవే మీద వెంకటాచలం దగ్గర్నుంచీ కార్లు వెంటపడ్డాయట. సాయంత్రానికి మా ఇంటి ముందు షామియానా, మైకు, పూలదండల కోసం తోపులాట. వాణ్ని ముంచినవాళ్లూ, వాడివల్ల మేసినవాళ్లూ కళ్లు ఒత్తుకుంటున్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు చేపలు మాయం! నెల్లూరు నుంచి వచ్చిన ఒక నాయకుడు ఊరి పెద్దను పిలిచి, "రేపు ఒక్క పడవ కదలకూడదు. టీవీవాళ్లు ఒడ్డంతా వీడియో తీస్తారు" అన్నాడు. పెద్ద తల ఊపాడు. ఆయన తల అటూ ఊగుతుంది, ఇటూ ఊగుతుంది.

అప్పుడు ఆ పిల్ల షామియానా అంచుకు వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"నా మొగుడు గుమ్మంలో ఉండంగా పడవలు పోయినయి గదా తాతా. ఈ పొద్దు ఎందుకు ఆగాల?"

పెద్ద నా ముఖం చూశాడు. అందరూ చూశారు. నాకు పడవలు ఆగాలని ఉంది. ఎంత పనికిమాలినవాడైనా వాణ్ని ఈ చేతులతో పెంచాను. తాగి చచ్చినవాడికి దొరికే మర్యాద వాడికీ దొరకాలనుకున్నాను. కానీ ఆ పిల్ల అడిగింది న్యాయం.

"ఎత్తేయండి. ఆ పొద్దు వాడు అడిగిందిదే. వాడికి వేరే ఆచారం ఎక్కణ్నుంచి తెస్తాం?" అన్నాను.

తెల్లవారుతుండగా ఇంజన్లు మొదలయ్యాయి. వాడి తల దగ్గర కూర్చుని ప్రతి పడవ చప్పుడూ విన్నాను. ఊరు వాణ్ని వదిలేసి వెళ్లిపోతున్నట్టే అనిపించింది, ఏడ్చాను. వాడి కోసం నేను ఏడ్చింది అప్పుడే.

వెలుగు వచ్చాక ఒడ్డుకు పోయాను. ఒడ్డంతా ఖాళీ. ఒక్క పడవ మాత్రం ఇసుక మీద ఉంది. ఆ పిల్లది, ఇప్పుడు ఆమె మరిది నడుపుతున్నాడు. మరిది కనబడలేదు. ఆమె పడవకు ఆనుకుని కూర్చుని ఉంది.

"మీ పడవ పోలేదేమ్మా?"

పడవ అంచు మీది ఇసుక దులిపింది. తర్వాత, "ఆదివారం వచ్చినాడు టీచరమ్మా, ఒక్కడే" అంది. "గుమ్మంలో నిలబడి మా ఆయన్ని పేరు పెట్టి పిలిచినాడు. లోపల ఉండేవోణ్ని పిలిచినట్టే పిలిచినాడు. నేను లోపలే ఉండా. పలకలా. మళ్లా పిలిచినాడు. శానాసేపు నిలబడి పోయినాడు."

చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "ఆ పొద్దు పలకలా గదా మా. అందుకని ఆపినా."

పాడె ఒడ్డు వెంటే పోయింది. మైకులో పెన్నిధి, చంద్రుడు అని ఏవేవో వినబడుతూనే ఉన్నాయి. టీవీవాళ్లు ఖాళీ ఒడ్డును తీసి ఏం చేసుకోవాలో తెలియక కెమెరాలు జనం వైపు తిప్పారు. నేను వెనక నడుస్తూ ఆ పడవనే చూశాను. వల మడతపెట్టి లోపల ఉంది, ఇంజను మీద గోనెపట్టా కప్పి ఉంది. ఆ పిల్ల లేచి నిలబడి, పాడె దాటిపోయేదాకా పడవ అంచు మీద చెయ్యి వేసి ఉంచింది.