మోకాళ్ల లోతు అలీబాగ్

రెక్సిన్ సంచుల మీద నాకో ఫిర్యాదుంది. ఫాక్‌లాండ్ రోడ్డులో కొన్నా, ఇంకెక్కడ కొన్నా, వాటి జిప్పు ముప్పావు వంతు దూరం మర్యాదగా వచ్చి, అక్కడ సమ్మె చేస్తుంది. మిగిలిన పావు వంతులోంచి మన తువ్వాలు లోకాన్ని చూస్తుంటుంది.

ఎనభైల్లో ఓ రోజు అలాంటి సంచే సర్దుతుంటే మా అమ్మ చూసింది.

"ఎవరు పోయిండ్రురా?"

పాలమూరు నుంచి వలసొచ్చినవాళ్లతో నిండిన కామాటిపురలో, వరసగా ఇరుకు గదులున్న మా చాల్‌లో, మనిషి సంచి సర్దాడంటే పాలమూరు జిల్లాలో ఎవరో పోయినట్టో, ఎవరికో పెళ్లి కుదిరినట్టో లెక్క. మూడో కారణం అప్పటికి ఎవరూ కనిపెట్టలేదు.

"ఎవరూ పోలేదమ్మా. అలీబాగ్ పోతున్న. రెండ్రోజులు సుట్టీ."

"ఆడ మనోళ్లెవరున్నరు?"

"ఎవరూ లేరు. అందుకే."

"మరేం జేస్తవ్?"

"సముద్రం కాడ కూసుంట."

"ఈడ మన చౌపాటీల సముద్రం అయిపోయిందా?"

పదడుగుల గదిలో మేం ఏడుగురం. తలుపు మూస్తే, లోపల గొడవేదో అవుతోందని పక్కవాళ్లు వచ్చి తట్టేవారు. డిగ్రీ చదివి గుమాస్తానైన నాకు మిగిలిన కోరిక ఒక్కటే: ఒక్క పూటైనా ఎవరూ పలకరించకుండా కూర్చోవాలి.

లాంచీ దిగి, బస్సెక్కి అలీబాగ్ చేరాను. మొదటి లాడ్జివాడు నా వెనక్కి తొంగిచూసి, "బాకీ లోగ్?" అన్నాడు. మిగతావాళ్లెవరూ లేరన్నాను. అయితే గది కూడా లేదన్నాడు. రెండో చోటా అంతే. ఒంటరిగా వచ్చినవాడు చావడానికే వస్తాడని, మర్నాడు తలుపు బద్దలు కొట్టించాల్సింది తామేనని వాళ్ల నమ్మకం.

సముద్రానికి ఎదురుగా ఉన్న మూడో లాడ్జి మీద ఇంకో అంతస్తు కడుతున్నారు. దాని యజమానీ కాదనేసరికి తెలుగులో విసుక్కున్నాను. అదే పొరపాటు. ఇసుక తట్ట దించుతున్న ఒక ముసలమ్మ గిరుక్కున తిరిగింది. అక్కడి పాలమూరు కూలీల ముఠాకు ఆమే పెద్ద.

"ఏ ఊరోనివి బిడ్డా?"

"కామాటిపుర."

"అది గాదు. మీ తాతది?"

మక్తల్ దగ్గరన్నాను. ఆ తర్వాత నేను మాట్లాడాల్సిన పని లేకపోయింది. నేను తమ మనిషినేనని, పూచీ తనదని, వచ్చీరాని మరాఠీలో ఆమే తేల్చేసింది. యజమాని తాళంచెవి నాకిస్తూ ఆమెతో అన్నాడు: వీడికేమన్నా అయితే ముఠా అంతా మర్నాడే పని వదిలి వెళ్లిపోవాలి.

ఆ సాయంత్రం ఒడ్డున కూర్చున్నాను. పది నిమిషాలకో తాపీమేస్త్రీ వచ్చి పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు. బీడీ అయ్యాక అతను లేచాడు, ఇంకొకడు వచ్చాడు. ముసలమ్మ వంతులేసి కాపలా పెట్టిందని మూడో బీడీకి అర్థమైంది. "పెండ్లయిందా?" అని మొదటివాడు. "ఎందుక్కాలే?" అని రెండోవాడు. మూడోవాడు ఏమీ అడగలేదు. తన మరదలు నాలుగో తరగతి దాకా చదివిందని మాత్రం చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం ముఠా అంతా జొన్నరొట్టెలతో నా చుట్టూ చేరింది. వచ్చి నాలుగు నెలలైనా వాళ్లు సముద్రం దగ్గర కూర్చోవడం అదే మొదటిసారట. చాలా బాగుందన్నారు.

సాయంత్రానికి కాపలావాడు కునుకు తీశాడు. ప్యాంటు మడిచి, మోకాళ్ల లోతు నీళ్లలోకి వెళ్లి నిలబడ్డాను. అటూ ఇటూ ఎవరూ లేరు. హాయిగా ఉండటం అప్పుడప్పుడే మొదలవుతోంది.

వెనక నుంచి కేకలు. పరంజా మీంచి దూకినవాళ్లు దూకినట్టే, సిమెంటు చేతులతో పదిమంది పరిగెత్తుకొచ్చి, నన్ను ఎత్తుకెళ్లి ఇసుకలో పడుకోబెట్టారు. నీళ్లు కక్కించాలని ఒకతను పొట్ట మీద రెండు చేతులా నొక్కాడు. అందులో మధ్యాహ్నం వాళ్లు పెట్టిన రొట్టె తప్ప ఏమీ లేదు.

ముసలమ్మ రొప్పుతూ వచ్చింది.

"నేను సచ్చెటందుకు రాలేదమ్మా," అన్నాను పడుకునే. "జర ఒక్కన్నే కూసుందామని వచ్చిన, అంతే."

ఆమె ఆగిపోయిన పనివైపు చూసింది. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డ యజమానివైపు చూసింది. కొంగుతో నా మొహం మీది ఇసుక తుడిచింది.

"సచ్చెటోడన్న ఒక్కసారే సతాయిస్తడు బిడ్డా. నువ్వు నిన్నటి సంది సతాయిస్తున్నవ్."