పసుపు కోటు కాపలా

"మనుషులు రాకపోతే పక్షులకు సుఖమేగా, మరి నీకెందుకు ఏడుపు?" అని మొహం మీదే అడిగేశాడు ఆర్విద్.

ఆర్విద్ పడవ నడుపుతాడు. ఇరవై రెండు వేసవులుగా గున్‌హిల్డ్ ఆ పడవలోనే స్వీడన్‌లోని గోత్లాండ్ నుంచి స్టెన్‌హోల్మ్ దీవికి వెళ్తోంది. వచ్చిన జనానికి పక్షుల సంరక్షణ సంఘం వాళ్ల పసుపు కోట్లు తొడిగి, కొండ అంచు బాట వెంట తిప్పి, గ్రిస్లా పక్షులను చూపించడం ఆమె పని. నల్ల వీపు, తెల్ల పొట్ట, నిటారుగా నిలబడే పక్షులవి. గూడు కట్టే ఓపిక లేదు. సముద్రం మీదికి వేలాడే రాతి అరుగు మీద ఒకే ఒక్క గుడ్డు పెట్టి పొదుగుతాయి.

కరోనా వచ్చిన ఆ వసంతంలో ప్రయాణాలు వద్దన్నారు, పడవలు ఆగాయి. పత్రికలన్నిటిదీ ఒకటే పాట: మనిషి తప్పుకున్నాడు, ప్రకృతి ఊపిరి పీల్చుకుంది. సంఘం అధ్యక్షుడు బెంక్ట్, రిటైరైన జీవశాస్త్రం మాస్టారు, "ఈ ఏడు పక్షులకు ప్రశాంతత" అని బోర్డు రాయించాడు. దాన్ని దీవి రేవులో మేకులు కొట్టి బిగించింది గున్‌హిల్డే. ఇన్నేళ్లూ "ష్, మెల్లగా" అని జనాన్ని కసిరి కసిరి గొంతు పోగొట్టుకున్న మనిషి, నమ్మకుండా ఎలా ఉంటుంది?

మే నెలలో ఒకసారి చూసొద్దామని వెళ్లింది. ఆర్విద్ ఎప్పట్లాగే దీవి రేవులో పడవ దగ్గరే ఉండిపోయాడు. జనం చేతులానించి నిలబడే కమ్మీ మీద ఏడు తెల్లతోక గద్దలు బారుగా కూర్చుని ఉన్నాయి. ఒకటి రెక్క విప్పితే చాలు, అరుగు మొత్తం బెదిరి సముద్రంలోకి దూకుతోంది. ఆ తొక్కిసలాటలో గుడ్లు దొర్లిపోతున్నాయి. మిగిలినవాటి కోసం కాకులు కాచుకుని ఉన్నాయి. పావుగంటలో మూడు గుడ్లు ఆమె కళ్లముందే పోయాయి.

తిరిగొచ్చేటప్పుడే ఆర్విద్ ఆ ప్రశ్న వేసింది.

"ఇన్నాళ్లూ ఆ జనానికి జడిసే గద్దలు రాలేదు ఆర్విద్. నేనేమో ప్రశాంతత అని బోర్డు కొట్టాను. బుద్ధి లేనిదాన్ని."

బెంక్ట్‌కు ఫోన్ చేస్తే, "ప్రకృతిని దాని మానాన వదిలెయ్ గున్‌హిల్డ్. గద్ద కూడా పక్షేగా" అన్నాడు.

"అవి అంతరించిపోతుంటే చలికాలమంతా మాంసం మోసుకెళ్లి మేపింది నువ్వే కదా. అప్పుడు గుర్తురాలేదా ఈ 'దాని మానాన'?"

బెంక్ట్ మాట మార్చాడు. "టికెట్లు లేవు. సంఘం ఖాతా ఖాళీ. డీజిల్ ఎవరు పోస్తారు?"

"ముందు నేను పోయిస్తా. తర్వాత ఇద్దువుగాని."

మొదట కర్రలకు పసుపు కోట్లు తగిలించి బాట పొడవునా పాతింది. రెండు రోజులు పనిచేశాయి. మూడో రోజు ఒక గద్ద వచ్చి కర్ర నెత్తినే కూర్చుంది.

"నీ దిష్టిబొమ్మ వాడికి కుర్చీ అయింది" అన్నాడు ఆర్విద్.

దాంతో కోటు తానే తొడుక్కుంది. పదిన్నరకు ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి, మూడింటికి ఒకసారి. పాత వేళలు, పాత బాట, పాత ఉపన్యాసం, ఖాళీ కొండకు వినిపించేలా. రెండో వారానికి ఆర్విద్ కూడా కోటు తొడుక్కుని గొణుక్కుంటూ వెంట నడిచాడు. ఇరవై రెండేళ్లలో అతను కొండెక్కడం అదే మొదలు.

"ఇన్నేళ్లూ ఇదే జోకా చెప్తున్నావ్?"

"జనం నవ్వేవాళ్లు."

"టికెట్ కొనుక్కున్నాక ఏం చేస్తారు పాపం."

గద్దలు వెళ్లిపోలేదు. పక్క కొండకు మారాయి, అంతే. అరుగు మీద పక్షులు కుదురుకున్నాయి.

జూన్‌లో ఒక పొద్దున బెంక్ట్ గోత్లాండ్ రేవులో ప్రత్యక్షమయ్యాడు. డెబ్బై దాటినవాళ్లు ఎవరినీ కలవొద్దని ప్రభుత్వం చెప్పిన రోజులవి. పడవ ముందు కొసన ఒంటరిగా కూర్చున్నాడు, ఫ్లాస్కులో కాఫీ, సంచిలో యాలకుల బన్నులు. తప్పయిందని ఒక్క మాట అనలేదు. దీవిలో దిగగానే బోర్డు ఊడబీకి, "పొయ్యిలోకి పనికొస్తుంది" అన్నాడు. ఆపైన ఎవరికి వాళ్లు పది అడుగుల ఎడం పాటిస్తూ ముగ్గురూ బాట పట్టారు.

జులై మొదట్లో, సాయంత్రం ఎండలో, పిల్లలు దూకాయి. రెక్కలింకా రాని పిల్లలు. కింద నీళ్లలోంచి తండ్రి పిలుస్తుంటే, గుండె చిక్కబట్టుకుని కొండ మీంచి దూకేస్తాయి. ఆ ఒక్క అరుగు నుంచే నూట పద్నాలుగు. అంతకుముందు ఏడాది నాలుగు వందల పైమాట. గున్‌హిల్డ్ మాత్రం మొదట చూసిన ఆ మే రోజున సున్నాకు సిద్ధపడిపోయింది.

రెండేళ్లకు పడవ మళ్లీ నిండింది. కొండ మీద ఎవరో పిల్లవాణ్ణి "ష్" అని గదమాయిస్తే గున్‌హిల్డ్ వెనక్కి తిరిగి, "మాట్లాడనివ్వండి, వాడు డ్యూటీలో ఉన్నాడు" అంది.

ఆ కరోనా వేసవి డీజిల్ కింద సంఘం ఆమెకు ఇంకా నాలుగు వేల రెండు వందల క్రోనర్లు ఇవ్వాలి.