మార్కా మారని గోతం

మా బయాలజీ మేడమ్ పోయారన్న కబురు నాకంటే ముందు మా నాన్నకు అందింది. గంజ్‌లో, అంటే మా ఊరి ధాన్యం మార్కెట్‌లో, వేలం అయిపోయి, తాను కొన్న కందుల గోతాల మీద ఆయన మా దుకాణం మార్కా వేసుకుంటున్న వేళ అది. మేడమ్ తమ్ముడి దుకాణం మా వరుసలోనే ఉంది. ఆయన నడిచివచ్చి, "అన్నా, అక్క పోయింది. పండుకున్నది లేవనే లేదు" అన్నాడట. నాన్న కుంచెను రంగు డబ్బాలో పడేసి నాకు ఫోన్ చేశాడు. "మేడమ్ పోయిందంట బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఊపిరి మాత్రం వినిపించింది. ఆ ఊపిరి గురించే నేను ఇవాళ రాయడానికి కూర్చున్నాను.

రాయచూరు గంజ్ ఎరగని వాళ్ళకు ముందు మార్కా సంగతి చెప్పాలి. రైతు తెచ్చిన సరుకు, దాన్ని అమ్మిపెట్టే అడ్తి దుకాణం ముందు దిగుతుంది. గోతాల మీద ఆ అడ్తి వాళ్ళ నీలం మార్కా ఉంటుంది. వేలం అయి, తూకం అయి, తన అంగడి ముందుకు చేరాక కొన్నవాడు దాని మీద తన మార్కా వేసుకోవాలి. మాది ఎర్ర గుండ్రం, మధ్యలో ఒక అడ్డగీత. గోతాలు మోసే హమాలీలు మనిషి మాట వినరు, మార్కానే చూస్తారు. ఎర్ర గుండ్రం పడితే గోతం మా గోదాములోకి పోతుంది. పడకపోతే వాన వచ్చినా సరే, ఉన్నచోటనే ఉంటుంది. ఎవరి సరుకు ఎవరింట్లోకి పోయిందన్న తగాదా రాకుండా పెద్దలు పెట్టుకున్న పద్ధతి ఇది.

మా దుకాణంలో పనివాళ్ళు ఉన్నా మార్కా నాన్నే వేస్తాడు. వేసి, వంగి, ఆ తడి మీద గట్టిగా ఊదుతాడు. తడి ఆరకుండా ఎత్తితే రంగంతా హమాలీ వీపుకు అంటుకుని మార్కా చెరిగిపోతుంది. ఎండకే ఆరుతుంది కదా అంటే ఆయనకు నచ్చదు. "ఎండ దాని తీరికల అది ఆరబెడతది. నాకు ఇప్పుడే ఆరాలె" అంటాడు. బుగ్గలు ఉబ్బించి, కళ్ళు చికిలించి ఆయన అలా ఊదుతుంటే చిన్నప్పుడు నాకూ అన్నయ్యకూ నవ్వు ఆగేది కాదు.

మేడమ్ కూడా గంజ్ పిల్లే. గోతాల మీద కూర్చుని ఎక్కాలు చదువుకున్న మనిషి. వాళ్ళ ఇంట్లో ఆడపిల్లలు ధరల చీటీ చదవగలిగితే చాలనుకునే రోజుల్లో పట్టుబట్టి మైక్రోస్కోపు దాకా వెళ్ళింది. పీయూ కాలేజీలో, అంటే ఇంటర్‌లో, మాకు జీవశాస్త్రం చెప్పేది. పాఠం కన్నడలో మొదలుపెట్టి, పేర్లు ఇంగ్లీషులో రాసి, కోపం వస్తే తెలుగులోకి దిగేది. మాకు తెలుగే ఎక్కువ వినిపించేదని వేరే చెప్పక్కర్లేదు. బొమ్మ లేకుండా జవాబు రాస్తే కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, "సరుకు సూపియ్యకుండ బేరమాడొస్తివా?" అనేది. మైక్రోస్కోపు మర మీద మా చేయి పడనిచ్చేది కాదు. ఆ విషయంలో ఆమె పిసినారి. మేమందరం మెడలు చాపి చూసి, "కనబడింది మేడమ్" అని అబద్ధం చెప్పేవాళ్ళం. ఆమె నమ్మేది కాదు. "ఏం కనబడ్డది? గీయి" అనేది.

కణం లోపలి పొరల పాఠం మాత్రం ఆమె గదిలో చెప్పలేదు. సబ్బునీళ్ళు ఒక గిన్నెలో కలిపించి, బొప్పాయి ఆకు కాడలు తలా ఒకటి చేతికిచ్చి మమ్మల్ని వరండాలోకి తోలింది. పీయూ చదివే పెద్దపిల్లలం బుడగలు ఊదుతూ నిలబడ్డాం. ప్రిన్సిపాల్ బయటికి వచ్చి చూసి, మళ్ళీ లోపలికి పోయాడు. రెండు బుడగలు తగిలి ఒక్కటైనప్పుడు మేడమ్ కేక వేసింది.

"అగో, సూడుండ్రి! పొర పొరల కలిసింది. లోపలి గాలి బయటికి పోయిందా? పోలే. మీ కణంల సరుకంతా గిట్లనే తిరుగుతది. ఒక అరల తయారైతది, చిన్న సంచి కట్టుకుంటది, ఇంకొక అరకు పోయి కలుస్తది. ఏ సంచి ఏడికి పోవాల్నో దాని మీద మార్కా ఉంటది. కణంల దలాల్ లేడు, మార్కా మాత్రం ఉంది."

గంజ్ పిల్లలం ఫక్కున నవ్వాం. ఆ మాట నేను ఇప్పుడు నా క్లాసులో చెప్తాను, నా పిల్లలూ అలాగే నవ్వుతారు.

ఆ ఏడాదే మా నాన్నకు జబ్బు చేసింది. మొదట దగ్గు, తర్వాత సాయంత్రం జ్వరం. గంజ్‌లో దగ్గని వాడు ఎవడు, దుమ్ము పడలేదన్నారు. నాకు మాత్రం మార్కా దగ్గర తెలిసింది. నాన్న వంగి ఊదబోయాడు. ఊపిరి రాలేదు, దగ్గు వచ్చింది. హమాలీ గోతం ఎత్తితే మార్కా అలికినట్లు చెరిగిపోయింది. ఆ వారమంతా మా గోతాల మీద ఎర్ర మరకలే. పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. అమ్మ "నెమ్ము" అంది, మేమూ అదే అన్నాం. గంజ్‌లో తెలిస్తే బేరానికి ఎవరూ దగ్గర కూర్చోరని నాన్న భయం.

మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే ఇచ్చారు. అదే మా నాన్నకు మింగుడు పడలేదు. పుట్టినప్పటి నుంచి సరుకు నాణ్యత ధరను బట్టి కట్టిన మనిషి. "ఊకె ఇచ్చే మందుల ఏం బలముంటది?" అనేవాడు. అయినా అమ్మ పోరు పడలేక మింగాడు. రెండు నెలలు తిరిగేసరికి జ్వరం పోయింది, దగ్గు తగ్గింది, అన్నం సయించింది. దాంతో మాత్రలు ఆపేశాడు. "సరుకు మంచిగున్నదని తేలినంక మల్ల మల్ల గోతం పొడిచి సూస్తమా?" అన్నాడు. వ్యాపారం చేసే మనిషి లెక్క అది.

అదే రోజుల్లో మేడమ్ లైసోజోమ్ పాఠం చెప్తోంది. ఒంట్లో కాపలా కాసే కణాలు సూక్ష్మజీవిని మింగి పొర సంచిలో బంధిస్తాయని, ఆ సంచి ఆమ్లం నిండిన మరో సంచితో కలిసి లోపలిదాన్ని అరిగించేస్తుందని చెప్పింది. "టీబీ పురుగు ఒక్కటి గడుసుది. ఆ రెండు సంచులను కలవనియ్యదు. మింగినోడి కడుపుల్నే కాపురం పెడతది" అంది. నేను లేచి నిలబడ్డాను. "మందులు మధ్యల ఆపేస్తే ఏమైతది మేడమ్?" అని అడిగాను. అడుగుతూనే ఏడుపొచ్చింది. ఆమె నావైపు ఒక్కసారి చూసి, అందరికీ బొమ్మ గీయమని పని అప్పగించి, నన్ను ల్యాబులోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. "ఎవరు?" అంది. నాన్న అన్నాను.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నన్ను వెంటపెట్టుకుని, గొడుగు వేసుకుని మా దుకాణానికి వచ్చింది. అంగడి ముందు నీలం మార్కా గోతాలు వరుసగా ఉన్నాయి. నాన్న గద్దె మీద నుంచి లేచి కుర్చీ వేయబోయాడు. ఆమె కూర్చోలేదు. మా హమాలీని పిలిచి, "ఈ గోతం జర లోపలెయ్యి" అంది.

"ఎట్లేస్త మేడమ్? ఎర్ర మార్కా పడలే గద" అన్నాడు అతను.

"సావుకారి ఈడ్నే ఉన్నడు గద. ఆయన కొన్నదే."

"కొంటే కొన్నడు. మార్కా పడాలె."

ఆమె నాన్నవైపు తిరిగి గొంతు తగ్గించింది.

"ఇన్నవా అన్నా? నీ రొమ్ముల గిదే నడుస్తున్నది. కాపలా కణం పురుగును మింగింది, సంచిల కట్టింది. ఇగ ఆ సంచికి మార్కా మారాలె. మారితేనే ఆమ్లం సంచి దగ్గరికి పోతది, కలుస్తది, పురుగు కరిగిపోతది. ఈ పురుగు మార్కా మారనిస్తలేదు. సంచి దర్వాజ కాడ్నే ఆగింది. లోపల అది తిని కూసున్నది."

"మరి దగ్గు పోయింది గద మేడమ్."

"బయట ఎగిరేటివి సచ్చినయి, దగ్గు పోయింది. సంచులల్ల దాక్కున్నయి ఏం కావాలె? మాత్ర ఆ సంచి లోపటికి పోయి సంపుతది. కానీ నిదానంగ. సగంల ఆపితే మిగిలినయి లేస్తయి. మందుకు లొంగకుండ లేస్తే అప్పుడేం జేస్తవ్?"

నాన్న ఆ నీలం గోతం వైపు చూశాడు. "అయితే నా కాపలోడే దొంగకు ఇల్లిచ్చిండా?" అన్నాడు.

"ఇయ్యలే. పట్టుకున్నడు పాపం, అప్పజెప్పనీకి దారి దొరుకుతలేదు. నువ్వు మాత్ర మింగి వానికి ఆసరా కావాలె."

నాన్న తన చివరి వాదన తీశాడు. "ఊకె వచ్చే మందు మేడమ్..."

"గాలికి పైసలు కడుతున్నవా అన్నా? మరి పీల్చుడు బంద్ చెయ్యి" అంది మేడమ్. అప్పుడామె గొంతు తగ్గలేదు. పక్క దుకాణం వాళ్ళు తొంగి చూశారు.

మా నాన్న ఎవరి దగ్గరా మాట పడడు. ఆ రోజు పడ్డాడు. సాయంత్రం ఆమె వెంట ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరు చీవాట్లు పెట్టి, మళ్ళీ పరీక్షలు చేసి, మందులు తిరిగి మొదలుపెట్టాడు. అప్పటి నుంచి కాలేజీకి పోయే ఆటో మా దుకాణం ముందు నెమ్మదించేది. మేడమ్ తల బయటపెట్టి, "అన్నా, మార్కా పడిందా?" అని అడిగేది. "పడింది మేడమ్" అని నాన్న చెయ్యెత్తేవాడు. మాత్ర మింగాడా అని ఆమె అడుగుతోందని గంజ్‌లో నాకూ నాన్నకూ తప్ప ఎవరికీ తెలియదు. మేడమ్ కందుల బేరంలో దిగిందని కొందరు అనుకున్నారు కూడా. ఆమె ఆ మాటా పడింది గాని నాన్న గుట్టు ఎక్కడా విప్పలేదు. కోర్సు చివరిదాకా అయ్యాక, జబ్బు లేదని కాగితం చేతికొచ్చిన రోజు, నాన్న మిఠాయి తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. మేడమ్ ఒక ముక్క నోట్లో వేసుకుని, "నాకెందుకు? నీ కాపలోనికి పెట్టు" అందట. ఆయన ఇప్పటికీ అది చెప్పి నవ్వుతాడు.

ఆ తర్వాత నేను బయాలజీ చదివాను, ఈ ఊళ్ళోనే పాఠం చెప్తున్నాను. సంచి మీద మార్కా ఎలా మారుతుందో, ఏ ప్రోటీను పోయి ఏది వచ్చి చేరుతుందో, టీబీ సూక్ష్మజీవి దాన్ని ఏ దశలో ఆపేస్తుందో పుస్తకాల్లో చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. గంజ్ ఎండలో నిలబడి మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. పిల్లలకు అర్థం కావాలని ఆమె విషయాన్ని తేలిక చేసింది తప్ప తప్పు చేయలేదు. అది ఎంత కష్టమో పాఠం చెప్పేవాళ్ళకు తెలుసు. రిటైరయ్యాక కూడా నా విద్యార్థుల బొమ్మలు తెప్పించుకుని చూసేది. "దీనికి పొర ఏది? బట్టల్లేకుండ తోల్తివా సంచిని?" అని నన్నే కోప్పడేది. ఇక ఆ కోపం వినపడదు. అది తలచుకుంటే నాకు దుఃఖం ఆగడం లేదు.

ఆమెను సాగనంపిన రోజు నాన్న కూడా పాడెకు భుజం పట్టాడు. డెబ్బై దాటిన మనిషి, మధ్యలో భుజం మార్చుకోమన్నా మార్చుకోకుండా నడిచాడని అన్నయ్య చెప్పాడు. గంజ్ అంతా మూసేశారు.

మళ్ళీ దుకాణం తెరిచిన పొద్దున నేనూ వెంట వెళ్ళాను. అంగడి ముందు ఒక గోతం ఉంది. దాని మీద నీలం మార్కా పైన ఎర్ర గుండ్రం సగమే ఉంది, కబురు వచ్చేసరికి నాన్న కుంచె అక్కడే ఆగింది.

"ఇది ఒక్కటి ఆడ్నే ఉంది సావుకారి. మేమెవ్వరం ముట్టలే" అన్నాడు హమాలీ. ఆనాడు గొడుగు కింద నిలబడి మేడమ్ పని చెప్పింది ఇతనికే. జుట్టు నెరిసిపోయింది.

నాన్న రంగు డబ్బాలో ఎండిపోయిన కుంచెను కిరసనాయిలుతో మెత్తబరిచి, గోతం ముందు గొంతుక్కూర్చున్నాడు. మిగిలిన సగం గుండ్రం తిప్పి, అడ్డగీత గీశాడు. కుంచె పక్కన పెట్టి, రెండు చేతులూ గోతానికి ఆనించి, బుగ్గలు ఉబ్బించి ఊదాడు. ఊపిరి ఎక్కడా తెగకుండా ఊదాడు. హమాలీ వీపు వంచి నిలబడి ఉన్నాడు. ఎర్ర రంగు మీద మెరుపు తగ్గేదాకా నాన్న ఊదుతూనే ఉన్నాడు.