దారం కట్టిన కాయలు

పోయిన వారం పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోను తెరిచేసరికి మా యూనివర్సిటీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు ఊగిపోతోంది. మా గైడుగారికి, అంటే మాకు పరిశోధనలో దారి చూపించమని ప్రభుత్వం జీతమిచ్చి కూర్చోబెట్టిన ప్రొఫెసరుగారికి, పాత శిష్యులంతా కలిసి ఘనంగా సన్మానం చేస్తారట. శాలువా, గజమాల, వెండి పళ్ళెం. అంతవరకూ నాకేమీ ఇబ్బంది లేదు. శాలువా కప్పించుకోవడం ఆయనకు ఉద్యోగంలో ఉన్నప్పటినుంచీ అలవాటే, కప్పే చేతులు మారాయి గాని ఆ భుజాలు ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నాకు ఒళ్ళు మండింది ఆ కింద ఒక మహానుభావుడు రాసిన ముక్కకు. మేడంగారు, అంటే గైడుగారి భార్య, హాస్టలుకు పంపించిన పండుమిరపకాయ పచ్చడి గుర్తుందా, ఆ రుచి మళ్ళీ ఈ జన్మలో దొరుకుతుందా అని రాశాడాయన. దాని కింద వరసపెట్టి ఎర్రటి హృదయాలు, నాలుక చప్పరించే బొమ్మలు, ఆ రోజులే వేరంటూ నిట్టూర్పులు. ఆ పచ్చడి ఏ కాయలతో పెట్టారో ఆ నిట్టూర్చినవాళ్ళలో చాలామందికి తెలుసు. తెలిసే చప్పరిస్తున్నారు.

మీలో నా ఈడువాళ్ళకు ఆ రోజుల యూనివర్సిటీల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పత్తిచేలూ మిరపతోటలూ దాటి బస్సు దిగితే ఎదురుగా కోటలాగా ముఖద్వారం, లోపల ఎండకు మాడుతున్న పొడవాటి రోడ్లు, ఒక భవనానికీ ఇంకో భవనానికీ మధ్య తుమ్మచెట్లు. మా ఊరినుంచి పై చదువుకు వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే కావడంతో, మొదటిరోజు లైబ్రరీ గుమ్మం ముందు చెప్పులు విప్పి లోపలికి వెళ్ళబోయాను. అక్కడున్న అటెండరు నవ్వాడు. చదువంటే అంత భక్తి ఉండేది. ఆ భక్తిని మా వృక్షశాస్త్ర విభాగంవారు తొలి సంవత్సరంలోనే శుభ్రంగా వదలగొట్టారు, అందుకు మాత్రం వారికి నేను రుణపడి ఉన్నాను.

మా విభాగంలో పరిశోధన మొదలుపెట్టేవాళ్ళను గైడుగారు ముందుగా అడిగేది ఏం చదివావని కాదు, మీదే ఊరని. అది ఆప్యాయత అనుకునేవాళ్ళం. ఊరి పేరు వినగానే అక్కడ ఏం దొరుకుతుందో ఆయన మనసులో మెదిలేదని తరవాత తెలిసింది. చీమకుర్తి నుంచి వచ్చిన మా సీనియరు ఆయన వంటింటి గట్టుకు నల్లరాయి పలక మోయించుకొచ్చాడు. రేపల్లె వైపు అబ్బాయి రొయ్యలు తెచ్చేవాడు. మా నాన్నగారు, పిల్ల చదువు బాగుండాలని, ఏటా మేలిరకం ఎండుమిరపకాయలు గోనెసంచిలో కుట్టించి పంపేవారు. ఎవరూ అడిగినట్టుండదు, ఎవరూ ఇవ్వనట్టూ ఉండదు. ఎప్పుడైనా ఆలస్యమైతే మాత్రం మన అధ్యాయం ఆయన బల్లమీద అలాగే దుమ్ము పట్టి పడుండేది.

నా గదిలో ఉండే అమ్మాయి ఒక్కతే ఏమీ తేలేదు, తెచ్చేందుకు వాళ్ళకేమీ లేదు గనక. పర్చూరు దగ్గర పల్లె వాళ్ళది. తండ్రి పొగాకు ఆకు కాల్చే బ్యారన్లలో కూలి, తల్లి మిరపకాయల కోతలకు వెళ్ళేది, ఆదివారం ఇద్దరూ తెల్లబట్టలు కట్టుకుని చర్చికి వెళ్ళేవారు. మిషను బడిలో చదివి, ఫెలోషిప్పు సంపాదించుకుని తన తెలివితో తాను వచ్చిన పిల్ల. ఆ పిల్లకు గైడుగారు మిరపమీద పరిశోధన ఇస్తూ, "మీవాళ్ళకు మిరపచేలో పని అలవాటేగా, నీకు సుళువు" అన్నారు. మేమందరం అక్కడే ఉన్నాం. ఆమె తల వంచుకుని సరేనండీ అంది. గదికొచ్చాక మాత్రం, ఆయన ఏ ఉద్దేశంతో ఇచ్చినా తనకు కావలసింది అదేనని చెప్పింది. ఆకుముడత తెగులు వచ్చి తోటలు పోయిన ఏడు వాళ్ళమ్మకు కోత కూలి లేక ఇంట్లో పొయ్యి వెలగని రోజులు ఆమె చూసింది. ముడతకు తట్టుకునే మిరప ఒకటి తీయగలనేమో అని ఆమె ఆశ.

విభాగం వెనక చిన్న మడి ఉండేది. అందులో రకరకాల మిరప వేసి, పూత మొదలవగానే రోజూ తెల్లవారుతూనే వెళ్ళి, విచ్చుకోని మొగ్గలను సూదిమొనతో విప్పి, లోపలి పుప్పొడి తిత్తులు తీసేసి, ఇంకో రకం పువ్వు పుప్పొడి అద్ది, పురుగు వాలకుండా చిన్న కాగితం సంచి తొడిగేది. పిందె పడ్డాక సంచి తీసి, ఏ కాయ ఏ జంటకు పుట్టిందో తెలియడానికి తొడిమకు రంగుదారం కట్టేది. ఆ దారాలు వాళ్ళమ్మ పాత చీరల అంచుల నుంచి లాగినవి. ఆ కాయలు పండితే గింజలు తీసి, మరుసటి ఏడు నాటి, పుట్టిన మొక్కలు ముడతకు నిలుస్తాయో లేదో చూడాలి. ఆమె డాక్టరేటు మొత్తం ఆ గింజల్లో ఉంది. నేను కలుపుమొక్కల విత్తనాలను సూక్ష్మదర్శిని కింద చూసుకునే నీడపట్టు పనిదాన్ని గనక, ఆమె ఎండలో నిలబడి మొగ్గలకు ఊపిరి తగలకుండా పనిచేస్తుంటే చూసి ఆశ్చర్యపోయేదాన్ని.

శివరాత్రి ముందర కాయలు ఎర్రగా పండాయి. సోమవారం కోసి గింజ తీస్తానని ఆమె చెప్పుకుంటూ ఉంది. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి, మేడంగారు పంపారంటూ హాస్టలుకు ఒక పెద్ద గిన్నెడు పండుమిరపకాయ పచ్చడి వచ్చింది. చింతపండు, ఉప్పు వేసి రోట్లో తొక్కి, ఇంగువ తాలింపు పెట్టిన పచ్చడి. మా మెస్సులో నీళ్ళ పప్పు తిని నాలుకలు చచ్చిన మాకు అది అమృతమే. అందరం వేడన్నంలో కలుపుకుని తిన్నాం. ఆమె కూడా తింది. మారు వడ్డించుకుని తింది. మేడంగారి చెయ్యి చల్లగా ఉండాలంది.

మర్నాడు పొద్దున ఆమెతో నేనూ మడి దగ్గరికి వెళ్ళాను. చెట్లమీద దారం లేని పచ్చికాయలూ పూతా అలాగే ఉన్నాయి. పండుకాయలన్నవి లేవు. మట్టిలో ఎర్ర, పసుపు, నీలం దారాలు పడున్నాయి. ఆమె కూర్చుని ఆ దారాలు ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. తిన్నగా గైడుగారి క్వార్టర్సుకు నడిచింది, వెనకే నేనూ. మేడంగారు ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి, ఇద్దరు కూలిమనుషుల్ని తీసుకెళ్ళి తానే దగ్గరుండి కోయించానని, ఎండకు తల నొప్పి కూడా వచ్చిందని చెప్పింది. "దారం కట్టినవి మేలుకాయలని గుర్తుపెట్టుకున్నావనుకున్నానమ్మాయ్, అందుకే ముందు అవే కోయించాను. రుచి చూశారా, ఎంత బాగుందో!" అంది. అంత నిష్కపటంగా ఒక మనిషి ఏడాది బతుకును రోట్లో వేసి దంచినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు. మొగుడి విభాగంలో పండింది ఏదైనా తన పెరట్లో పండినట్టే అని ఆవిడ నమ్మకం, ఆ నమ్మకం ఆవిడకు ఎవరు నేర్పారో వేరే చెప్పాలా? కాయలేమైనా మిగిలాయా అని ఈమె అడిగితే, ఆవిడ సంతోషంగా జాడీ మూత తీసి చూపించింది. ఈమె అందులోకి కాసేపు చూసి, మూత తానే పెట్టేసింది.

అక్కణ్ణుంచి విభాగానికి వెళ్తే, గైడుగారు తన గదిలో అంతా విని, ముందు నవ్వారు. పోనీలేమ్మా మిరపకాయలేగా అన్నారు. తరవాత గొంతు తగ్గించి, తన అనుభవసారమంతా ఒక్క సలహాగా ఇచ్చారు. మామూలు విత్తనం తెచ్చి వేసి ఇదే ఆ విత్తనమని రాసుకోవచ్చట, లేదంటే వెయ్యకుండానే రాయొచ్చట, ఎవరొచ్చి చూస్తారు గనక అన్నారు. పక్కనున్న పెద్దలిద్దరు, వారూ ప్రొఫెసర్లే, తలలూపారు. గాజు బీరువాల్లో అన్ని పుస్తకాలున్న ఆ గదిలో ఆ మాటకు ఒక్కరికీ సిగ్గనిపించలేదు.

"రేపు ఎవరైనా అది చూసి నమ్మి, పొలంలో వేస్తే ఎట్టాగండీ సార్?" అందామె.

ఆ ప్రశ్నకు గైడుగారికి కోపమొచ్చింది. సమాధానం లేనప్పుడల్లా ఆయనకు కోపమే వచ్చేది. నీ ఇష్టం, మళ్ళీ మొదటినుంచి చేసుకో, గడువు పొడిగించమని మాత్రం నా దగ్గరికి రాకు అన్నారు. ఫెలోషిప్పు ఆగిపోయింది, దాంతోపాటు హాస్టల్లో గది కూడా. మడి ఇంకో శిష్యుడికిచ్చి, ఆమెకు జనరేటరు గది వెనక రాళ్ళనేల చూపించారు. పర్చూరులో తల్లిదండ్రులు ఇక చాల్లే వచ్చెయ్యమన్నారు. మానేస్తే పోయేది ఒక పట్టా కాదు, తాను ఆ మొగ్గల దగ్గర నిలబడిన ప్రతి తెల్లవారూ అబద్ధమైపోతుందని ఆమె నాతో అంది. నేనైతే మానేసేదాన్నే.

గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగు సెంటర్లో పాఠాలు చెబుతూ, ఇరుకు గదిలో నలుగురమ్మాయిలతో ఉంటూ, ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. పూత కాలంలో మొదటి బస్సుకు వచ్చి, మొగ్గల పని చూసుకుని, మట్టి చేతులతోనే క్లాసుకు పరుగెత్తేది. ఆదివారం ప్రార్థన అయ్యాక తెల్లచీరతో తిన్నగా ఆ రాళ్ళమడికే వచ్చేది. ఇద్దరం తుమ్మకంప నరికి చుట్టూ కంచె కట్టాం. ఈసారి ఆమె దారాలు కట్టలేదు. కొమ్మలకు పిచ్చి గుడ్డపేలికలు చుట్టి, వాటి భాష తనొక్కతికే తెలిసేలా పెట్టుకుంది. కాయలు ఎర్రబడగానే మేడంగారి దగ్గరినుంచి అటెండరు వచ్చి, ఈ ఏడు కాపెలా ఉందో కనుక్కురమ్మన్నారని చెప్పాడు. నేను నిజంగా నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. ఆమె మాత్రం పురుగుమందు కొట్టామని చెప్పమంది.

ఆ గింజలు నాటి, ఆ మొక్కలు పెరిగి, వాటిలో చాలామటుకు ముడతకు లొంగిపోయాయి. ఒక్క జంట పిల్లలు మాత్రం కొంత నిలబడి, అవి కూడా చివరికి వాడాయి. ఆమె ఉన్నది ఉన్నట్టు రాసింది. గైడుగారు ఆ పుస్తకం చూసి, ఇన్ని తంటాలు పడి ఏమీ రాలేదని రాసుకోవడానికా అని వెటకారం చేశారు గాని, బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, పెద్దాయన, ఆ లొంగిపోయిన మొక్కల గురించే గంటసేపు ఆసక్తిగా అడిగి, ఇవి వెయ్యొద్దని తెలియడం కూడా రైతుకు మేలేనని చెప్పి సంతకం పెట్టారు.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది, ఇప్పటికీ ఉందంటారు. మౌఖిక పరీక్ష అయిన మధ్యాహ్నం పరిశోధకుడే విభాగానికంతటికీ భోజనం పెట్టాలి. అడ్డదిడ్డమైన ప్రశ్నలు అడిగినవారంతా అప్పుడు చేతులు కడుక్కుని చక్కగా వరసలో కూర్చుంటారు. ఆమె తల్లి పర్చూరు నుంచి వచ్చి నాతో కలిసి వండింది. అన్నం, పప్పు, వంకాయకూర, పులుసు, గడ్డపెరుగు. విస్తళ్ళు వేశాం. గైడుగారు విస్తట్లో అటూ ఇటూ చూసి, పరీక్షకుడు వినేలా పెద్దగా నవ్వుతూ, "ఏమ్మాయ్, మిరప మీద డాక్టరేటు పుచ్చుకుంటూ మా గుంటూరు విస్తట్లో పచ్చడే లేదేంటి?" అన్నారు.

ఆమె పప్పు వడ్డిస్తోంది. గరిట ఆపకుండానే చెప్పింది.

"అది తమరు ముందే తినేశారు కదండీ సార్."

పరీక్షకుడు అర్థంకాక తలెత్తి చూశారు. గైడుగారు పెరుగు తెమ్మని కేకేశారు, ఇంకా పప్పయినా కలపకుండానే. గైడుగారితోపాటు భోజనానికి వచ్చి ఆ వరస చివర కూర్చున్న మేడంగారి చెయ్యి మాత్రం విస్తట్లోనే ఆగిపోయింది. ఆవిడకు ఆ సంగతి అప్పుడే, మొదటిసారి, తెలిసిందనుకుంటాను. మిగిలినవాళ్ళంతా కడుపునిండా తిన్నారు. ఇప్పుడు హృదయాలు పెడుతున్నది వాళ్ళే.

ఆ హృదయాల కింద నేను కూడా ఒక ముక్క రాశాను, ఆ కాయలు ఎవరి పరిశోధన తాలూకువో కాస్త గుర్తుచేసుకోండని. తరవాత ఒకాయన గులాబీ పువ్వు మీద శుభోదయం అని పెట్టాడు, అందరూ దానికి నమస్కారాలు పెట్టుకున్నారు. పట్టలేక ఆమెకు ఫోను చేశాను. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై ఒంగోలులో ఉంటోంది. నేను ఆ గ్రూపులోవాళ్ళందరినీ పేరు పేరునా తిడుతుంటే విని, నవ్వి, "ఎందుకే తిడతావ్, పచ్చడి మాత్రం బాగుందిగా. నా కాయలాయె, బాగుండక ఏం చేస్తాయ్!" అంది. ఆ నవ్వులో ఏమాత్రం చేదు లేదు. ఆ చేదంతా ఇన్నేళ్ళూ నేనే దాచిపెట్టుకున్నట్టున్నాను.

సన్మానానికి నేను వెళ్ళను. వేదిక విభాగం వెనక కట్టారట, ఆ మడి ఉన్న చోట ఇప్పుడు సిమెంటు పరిచి కార్లు నిలుపుకుంటారట. ఆమధ్య మా బంధువుల అమ్మాయి అక్కడే పరిశోధన చేస్తోందంటే, ఏ మొక్క వేశావే అని ఆశగా అడిగాను. మొక్కేంటి పిన్నీ, అంతా లాప్‌టాప్‌లోనే, మా సార్ అలాగే చెయ్యమన్నారంది. పాపం, నిజాయితీగానే చెప్పింది. మా కాలంలో మా చదువును కోసుకుని తిన్నవాళ్ళు ఉండేవారు, ఆ మాట చచ్చేదాకా అంటాను. కాని కోసుకోవడానికి అక్కడ ఎర్రగా పండిన కాయంటూ ఒకటి ఉండేది, తెల్లవారుతూనే వెళ్ళి దానికి దారం కట్టే పిల్ల ఒకతె ఉండేది.