బడ్జ్ బడ్జ్‌లో ‘ఇంటర్మీడియట్’ అంటే ఏమిటి?

ఉద్యోగం కోసం వరంగల్ నుంచి సాల్ట్ లేక్ వచ్చి ఆరు నెలలైంది. ఇక్కడ నేను తెలుగులో మాట్లాడేది మా ఆఫీసు క్యాంటీన్‌లో వంట చేసే రూతమ్మగారితోనే. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి జనపనార మిల్లు పనికి వచ్చి బడ్జ్ బడ్జ్‌లో స్థిరపడ్డారు. “ఆదివారం మాయింటికి రామ్మా, సేపల పులుసు ఎడతాను” అని ఆవిడ పిలిస్తే కాదనలేకపోయాను.

పదిన్నరకు సెక్టార్ ఫైవ్‌లో మెట్రో ఎక్కి సియాల్దాలో దిగాను. అక్కడి నుంచి లోకల్ రైలుకు టికెట్ పది రూపాయలే. దాదాపు గంట ప్రయాణం. బడ్జ్ బడ్జ్ స్టేషన్ బయట బ్యాటరీ రిక్షా నడిపే పెద్దాయన నా మాట వినగానే బెంగాలీలో “తెలుగు పాడా? బోషున్, దిది” అన్నాడు. తెలుగు పేటకేగా, కూర్చోమని.

రూతమ్మగారు చర్చి నుంచి అప్పుడే వచ్చి పొయ్యి దగ్గర ఉన్నారు. కూతురు ఎస్తేరు మాత్రం ఒక మూల ముభావంగా కూర్చుంది. ఆ అమ్మాయి సైన్సుతో పన్నెండో తరగతి పాసైంది, నర్సింగ్ చదవాలని ఆశ. విశాఖలోని ఒక కాలేజీ ప్రకటనను బంధువులు ఫోన్లో పంపారట.

“దరఖాస్తు పెట్టావా?” అని అడిగాను.

“నాది హయ్యర్ సెకండరీ అక్కా. ఆళ్ళకి ఇంటర్మీడియట్ కావాలంట. డిక్షనరీల సూసినాను, మధ్య దశ అని ఉంది. స్కూలుకీ కాలేజీకీ మధ్యన ఇంకేటో కోర్సు సదవాలి కావాల.”

“రేపే ఆకరు. వారం నుంచి దీనికి అన్నం సయించట్లేదు” అన్నారు రూతమ్మగారు.

నాకు నవ్వొచ్చింది గానీ ఆ పిల్ల మొహం చూసి ఆపుకున్నాను. “డిక్షనరీ చెప్పింది నిజమే. పదో తరగతి తర్వాత, డిగ్రీకి ముందు చదివే రెండేళ్ళనే మా దగ్గర ఇంటర్ అంటాం. నీ పదకొండు, పన్నెండు అవే.”

“పేరు ఏరయితే ఒప్పుకుంటారేటి?”

ఆ సందేహం నాకూ వచ్చింది. ప్రకటన తీసుకుని చదివాను. ఎస్తేరుకు తెలుగు చదవడం సరిగా రాదు; పెద్ద అక్షరాల్లో ఉన్న ‘ఇంటర్మీడియట్’ దాకా కూడబలుక్కుని ఆగిపోయింది. కింది వరుసలో ‘లేదా ఏ రాష్ట్ర బోర్డు నుంచైనా తత్సమాన పరీక్ష’ అని ఉంది. పైకి రెండుసార్లు చదివాను.

“తత్సమానం అంటే ఏటక్కా?”

“దానికి సాటి వచ్చేది. అంటే నీది.”

ఫోన్లోనే దరఖాస్తు నింపి పంపేసరికి మూడు దాటింది. “పులుసు సల్లారిపోనాదే” అని తల్లి అంటే, “సల్లారితే ఏటి, ఎయ్యమ్మా!” అంటూ ఎస్తేరు కంచం ముందుకు జరిపింది. తర్వాతి నెలలో ఆ కాలేజీలో సీటు వచ్చింది.

ఇంటర్ అనే మాట ఇన్నేళ్ళు వాడాను గానీ, దాని అర్థం గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. నాకు రెండేళ్ళ చదువు పేరైన ఆ మాట ఒక అమ్మాయికి వారం పాటు మూసిన తలుపైంది. ఆ తలుపు తెరుచుకున్నప్పుడు నేను అక్కడ ఉన్నందుకు చాలా తృప్తిగా ఉంది. బడ్జ్ బడ్జ్ వెళ్ళేవాళ్ళకు ఒక సలహా: ఆదివారం లోకల్ రైళ్ళు తక్కువ, స్టేషన్లో దిగగానే తిరుగు రైళ్ళ వేళలు చూసుకోండి. ఆ పేటలో భోజనానికి కూర్చున్నవాళ్ళను తొందరగా లేవనివ్వరు.