ఉపవాసాల వాళ్ళ పెట్టె

మొన్న ఆదివారం చిక్కడపల్లిలో మెట్రో ఎక్కాం, నేనూ మా ఆవిడా. ఎక్కగానే ఆవిడ తన అలవాటు ప్రకారం ఆడవాళ్ళకు కేటాయించిన చోటికి వెళ్ళి కూర్చుంది, నేను ఆ పక్క పెట్టెలో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. నారాయణగూడ వచ్చింది, పోయింది. ఉన్నట్టుండి నాకెందుకో అనుమానమొచ్చి, జనాన్ని తప్పించుకుంటూ, ఆడపిల్లలు ఎగాదిగా చూస్తున్నా లెక్కచేయకుండా ఆవిడ కూర్చున్న చోటిదాకా వెళ్ళి, ఉందని కళ్ళారా చూసుకున్నాక గానీ కుదుటపడలేదు. "ఇది హైదరాబాదండీ, ఎవరూ దీన్ని మధ్యలో విడగొట్టి పట్టుకుపోరు" అంది ఆవిడ, తలైనా ఎత్తకుండా. పక్కన కూర్చున్న అమ్మాయికి ఆ మాట అర్థం కాలేదు. మీకూ అయ్యుండదు. దానికి జపాన్ దాకా వెళ్ళి రావాలి, తీరికగా కూర్చోండి.

రెండువేల పదమూడు, కార్తీకమాసం. రాష్ట్రం రెండవుతుందని ఢిల్లీ వాళ్ళు చెప్పేశారు గానీ ఎప్పుడవుతుందో, ఎలా అవుతుందో ఎవరికీ అంతుపట్టని రోజులవి. మా నాన్నగారు కాకినాడ వదిలి కర్నూలు, కర్నూలు నుంచి ఆఫీసుతో పాటు హైదరాబాదు వచ్చి చిక్కడపల్లిలో ఇల్లు అద్దెకు తీసుకునేటప్పటికి నాకు ఆరేళ్ళు. చదువు, ఉద్యోగం, పెళ్ళి, పింఛను అన్నీ ఆ నాలుగు వీధుల్లోనే జరిగిపోయాయి. అశోక్‌నగర్‌లో ఒక ఫ్లాటు కొనుక్కుని, ఇంకెక్కడికీ కదిలే పని లేదని కాళ్ళు చాపుకున్నాక, కాకినాడలో ఉన్న మా బావమరిది రోజూ ఫోను చేసి, పరిస్థితులు ఎలా ఉంటాయో ఏమో, అమ్మేసి వచ్చేయండి బావా అని మొదలుపెట్టాడు. అదే సమయానికి మా ఫ్లాటును పోటీ పరీక్షల పిల్లలకు హాస్టలుగా మార్చుకుంటానని ఒకాయన మంచి ధరకే అడిగాడు. జపాన్ నుంచి తిరిగి రాగానే ఔననో కాదనో చెప్పాలి.

మా ఆవిడను అడిగితే "మీ ఇష్టం" అంది. మన తరం మగవాళ్ళకి ఈ మాట గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? దానికి ఔనని అర్థమో కాదని అర్థమో, నోరు మూసుకోమని అర్థమో, ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నాకు ఒక్కసారీ తేలలేదు.

చిక్కంతా మా వియ్యంకుడితో. ఆయనది నల్గొండ దగ్గర పల్లె, కాచిగూడలో రైల్వే గార్డుగా చేసి రిటైరై నల్లకుంటలో సొంత ఇంట్లో ఉండేవారు. మా అమ్మాయిని వాళ్ళింటికి ఇచ్చిన నాటి నుంచీ మేమిద్దరం పొద్దున్నే నడుచుకుంటూ వచ్చి నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ చాయ్ దగ్గర కలిసేవాళ్ళం. ఆయన తెలంగాణ కావాలనేవారు, నేను కలిసుందామనేవాణ్ణి, చాయ్ చల్లారిపోయేది. కయ్యానికైనా వియ్యానికైనా సమఉజ్జీ ఉండాలంటారు, మాకు రెండింటికీ ఒకే మనిషి దొరికాడు. అలాంటి మనిషితో ఇల్లు అమ్మేసి వెళ్ళిపోతున్నానని ఎలా చెప్పాలో తెలియక నెల రోజులుగా చాయ్ దగ్గర వేరే మాటలు తెస్తున్నాను.

అప్పట్లో మా అల్లుణ్ణి వాళ్ళ కంపెనీ ఏడాది పని మీద జపాన్‌లో ఒకయామా అనే ఊరికి పంపింది. అమ్మాయి కూడా వెళ్ళింది. రైళ్ళంటే ప్రాణం పెట్టే తండ్రికి అక్కడి రైళ్ళు చూపించాలని అల్లుడి కోరిక, అందుకని వాళ్ళ అమ్మానాన్నల్నీ మా ఇద్దర్నీ పిలిపించుకున్నాడు. తనకు సెలవు దొరక్క, సముద్రం వెంబడి నాలుగు రోజులు తిరిగేటట్టు రైలు పాసులూ సత్రాలూ అన్నీ కుదిర్చి, తండ్రి జేబులో ఒక సెల్‌ఫోను పెట్టి సాగనంపాడు. ఆడవాళ్ళకు వేరే ఫోను ఎందుకని ఎవరికీ తోచలేదు. నలుగురం కలిసే కదా వెళ్ళేది.

ఆ నాలుగు రోజులూ చూసినదంతా నిజమో కలో ఇప్పటికీ నాకు తికమకే. కొండకీ సముద్రానికీ మధ్య ఒకే ఒక్క పెట్టె ఉన్న రైలు మెల్లగా పోతుండేది. ఒక స్టేషనులో దిగితే గోడ లేదు, ఊరు లేదు, ప్లాట్‌ఫాం అంచు దాటగానే నీళ్ళే కనబడుతున్నాయి. కొండల మీద మెట్లు మెట్లుగా కమలా తోటలు, కాయలు పండి కిందికి వంగిపోయి ఉన్నాయి, ఒక్కటీ ఎవరూ కోసుకుపోవడం లేదు. రైలు నిమిషం అటూ ఇటూ కాకుండా రావడం మాత్రం మా వియ్యంకుడికి మింగుడు పడలేదు. గడియారం చూసుకుని, "ఏందిది బావగారు, రైలన్నంక జర లేటు గావద్దా, మనిషి చాయ్ ఎప్పుడు తాగాలె?" అని బాధపడేవారు.

సత్రంలో గుమ్మం దగ్గర చెప్పులు విప్పాలి, వరండాకి ఒక జత, మరుగుదొడ్డికి ఇంకో జత, చాప మీద ఏ జతా కూడదు. నేనూ వియ్యంకుడూ మరుగుదొడ్డి చెప్పులతో భోజనాల గదిలోకి వచ్చి నలుగురిలో నవ్వులపాలయ్యాం. మా ఆవిడకు మాత్రం ఏ ఇబ్బందీ లేకపోయింది, మా అమ్మగారి మడి కింద నలిగిన మనిషి కదా, ఇది ఆ చాదస్తమేనని ఒక్క పూటలో కనిపెట్టేసింది. తిండి దగ్గర మళ్ళీ గందరగోళం. ఏది ముట్టుకున్నా అందులో చేప ఉందేమోనని అనుమానం. సత్రం వాళ్ళనడిగి వట్టి అన్నం పెట్టించుకుని, మా ఆవిడ అందులో చింతపండు గుజ్జు కలిపి పులిహోర చేసేది, వియ్యపురాలి సంచిలోంచి సకినాలు వచ్చేవి. దారి పొడుగునా తెల్లబట్టలు కట్టుకుని, గడ్డి టోపీలు పెట్టి, చేతికర్రలతో గుళ్ళు తిరిగే యాత్రికులు కనబడుతుండేవారు. మన అయ్యప్ప స్వాములకు నలుపైతే వీళ్ళకు తెలుపు కాబోలని సరిపెట్టుకున్నాం.

నాలుగో రోజు కార్తీక సోమవారం వచ్చింది. మత్సుయామా అనే ఊళ్ళో మధ్యాహ్నం రైలెక్కి సాయంత్రానికి ఒకయామా చేరాలి. ఆడవాళ్ళిద్దరూ ఉపవాసం, నక్షత్రం చూసేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టరు. ఇక మన ఇళ్ళలో మర్యాద మీకు తెలిసిందే. ఉపవాసం ఉన్నవాళ్ళ ఎదురుగా కూర్చుని తినడం మాకు తప్పు, వాళ్ళు ఎదురుగా ఉండి మా గొంతులో ముద్ద దిగకుండా చేయడం వాళ్ళకు తప్పు. "మీరు ఇక్కడ నిదానంగా తినండి, మేం వెనక కూర్చుంటాం" అని పులిహోర డబ్బా మా చేతిలో పెట్టి, ఇద్దరూ వెళ్ళి ఆఖరి పెట్టె ఎక్కారు.

మేం తిన్నాం. నిజం చెప్పొద్దూ, కమ్మగా తిన్నాం. మధ్యలో ఏదో స్టేషనులో రైలు కాస్త ఎక్కువసేపు ఆగింది, ఒక ఆడగొంతు చాలాసేపు ఏదో ప్రకటించింది, ఇంగ్లీషులో కూడా చెప్పిందట. మేమప్పుడు డబ్బా అడుగున మిగిలిన వేరుశనగపప్పు కోసం ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటున్నాం. రైలు కదిలింది. కాసేపటికి కింద నేల మాయమై సముద్రం వచ్చింది. మైళ్ళ పొడుగునా వంతెన, కింద చిన్న చిన్న దీవులు, పడవలు, నీళ్ళ మీద పల్చబడుతున్న ఎండ. ఇది మా ఆవిడ చూడకపోతే ఎలాగని, పిలుచుకొస్తానని లేచి వెనక్కి నడిచాను. ఒక పెట్టె దాటాను, ఇంకొకటి దాటాను. ఆ తర్వాత తలుపు తెరుచుకోలేదు. అద్దంలోంచి చూస్తే పట్టాలూ సముద్రమూ కనబడుతున్నాయి. మా ఆవిడ ఎక్కిన పెట్టె లేదు.

నేను ఎదురు దిక్కుకి నడిచానేమోననుకుని మళ్ళీ ముందుకి వెళ్ళాను. వియ్యంకుడు నా మొహం చూసి లేచి, తనూ వెళ్ళి ఆ అద్దం దగ్గర నిలబడిపోయారు. జీవితమంతా ఆఖరి పెట్టెలో నిలబడి, బండి మొత్తం వెంట వస్తున్నదా లేదా అని చూడడమే ఆయన ఉద్యోగం. "ముప్పై ఏండ్లల్ల ఒక్క డబ్బ ఇడిసిపెట్టలే బావగారు" అన్నారు.

ఫోను చేస్తే అల్లుడు చెప్పాడు. ఆ రైలు దారిలో రెండుగా విడిపోతుందట, ముందు పెట్టెలు వంతెన దాటి ఒకయామాకి, వెనక పెట్టెలు తకమత్సు అనే రేవు ఊరికి. ఆ స్టేషను వాళ్ళకు తను ఫోను చేసి చెబుతానని, మమ్మల్ని వంతెన దాటగానే దిగి వెనక్కి వెళ్ళే రైలు ఎక్కమని అన్నాడు. ఒకయామాకి వెళ్ళాల్సినవాళ్ళు మత్సుయామా నుంచి తకమత్సుకి! ఆ పేర్లే నా బుర్రలో ఒకదానిమీద ఒకటి పడి కలిసిపోయాయి.

దిగాం. వెనక్కి వెళ్ళే రైలు కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాం. మా ఆవిడ ఒంటరిగా కోఠీ దాటి వెళ్ళిన మనిషి కాదు. ఇంగ్లీషు రాదు, పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళ మీద ఉంది, చేతిలో ఫోను లేదు. ఎవర్ని ఏమని అడుగుతుంది, ఏ ఊరని చెబుతుంది? ఆ కంగారులో, ఎందుకు అన్నానో తెలియదు గానీ, నెల రోజులుగా నోట్లో నానుతున్న మాట బయటపడింది. ఇల్లు అమ్మేస్తున్నాం బావగారూ, కాకినాడ వెళ్ళిపోతున్నాం అన్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. పట్టాల వైపు చూస్తూనే అన్నారు. "మా రాష్ట్రం మాకు గావాలన్న, అది నిజమే. మిమ్ముల పొమ్మని ఎన్నడన్న అన్ననా?"

అనలేదు. రైలు వచ్చింది, ఎక్కాం, మళ్ళీ అదే వంతెన మీద పక్కపక్కన కూర్చుని వెనక్కి వచ్చాం. మధ్యలో ఒకసారి ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, అలాగే ఉంచారు.

తకమత్సు స్టేషను బయటికి వస్తే ఎదురుగా రేవు. చీకటి పడుతోంది, నీళ్ళ మీద అప్పుడే ఒక నక్షత్రం పొడిచింది. నీళ్ళ ఒడ్డున బల్ల మీద ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు, ఇద్దరు మనవాళ్ళు, మధ్యలో తెల్లబట్టల యాత్రికురాలు ఒక ముసలావిడ. ఆవిడ నుదుట మా వియ్యపురాలు పెట్టిన కుంకుమ బొట్టు ఉంది. ముగ్గురూ కమలాలు వలుచుకు తింటున్నారు. కాస్త దూరంలో టోపీ పెట్టుకున్న స్టేషను ఉద్యోగి ఒకాయన చేతులు కట్టుకుని కాపలాగా నిలబడి ఉన్నాడు. లోపల కూర్చోమని అతను ఎంత బతిమాలినా వీళ్ళు వినలేదట, లోపలికి వెళితే నక్షత్రం ఎలా కనబడుతుంది?

"ఏడ వోయిన్రు మీరిద్దరు?" అంది వియ్యపురాలు, బజారుకి వెళ్ళి ఆలస్యంగా వచ్చిన మొగుణ్ణి అడిగినట్టు.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. తప్పిపోయావనుకుని ఎంత హడలిపోయానో తెలుసా అన్నాను మా ఆవిడతో. ఆవిడ ఒక తొన నా చేతిలో పెట్టి, "మేమెక్కడ తప్పిపోయామండీ? కూర్చున్న చోట కూర్చున్నట్టే ఉన్నాం. వెళ్ళిపోయింది మీరు" అంది.

ఆ మాట రైలు గురించే అన్నదో, ఇంటి గురించీ అన్నదో నేను ఇంతవరకూ అడగలేదు. అడిగితే మళ్ళీ మీ ఇష్టం అంటుందని భయం. కానీ ఆ రేవు ఒడ్డున నిలబడి నేను ఒక్కటి మాత్రం తేల్చుకున్నాను. తిరిగొచ్చాక హాస్టలాయనకు కుదరదని చెప్పేశాను. మా బావమరిది ఆర్నెల్లు మాట్లాడలేదు. మరుసటి జూన్‌లో రాష్ట్రం విడిపోయింది, ఆ రోజు పొద్దున్న మా వియ్యంకుడు మిఠాయి పొట్లం పట్టుకుని నారాయణగూడ చౌరస్తాలో నా కోసం చూస్తున్నారు. ఇవ్వాలో వద్దో తెలియక ఆయన, తినాలో వద్దో తెలియక నేను, చివరికి ఇద్దరం తినేశాం. మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు.

వెళ్ళింది వాళ్ళు. నల్లకుంట ఇంటిని బిల్డరుకి ఇచ్చేసి, అల్లుడి ఆఫీసుకి దగ్గరని ఊరి చివర ఆకాశమంత ఎత్తు టవర్లలో ఒక దాంట్లోకి మారిపోయారు, మా అమ్మాయితో సహా. తప్పేం లేదు, పిల్లల చదువులు ఉన్నాయి, ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. మొన్న మెట్రో ఎక్కింది వాళ్ళని చూడడానికే, దిగి మళ్ళీ ఇంకొకటి ఎక్కి, ఆటో పట్టుకుని, చేరేసరికి మధ్యాహ్నమైంది. కాఫీ తాగుతుంటే, "ఈడ అందరు మంచోళ్లే బావగారు, కొట్లాడేటోడే ఒక్కడు లేడు" అన్నారు ఆయన, కిటికీలోంచి కిందికి చూస్తూ.

మా అశోక్‌నగర్ వీధి ఇప్పుడు మొత్తం హాస్టళ్ళే. మెట్ల మీద ఎదురయ్యే మొహాలు పరీక్ష పరీక్షకీ మారిపోతుంటాయి, తలుపు మీద పేరు చదివేవాళ్ళు లేరు. ఆ గందరగోళపు రోజుల్లో కూరగాయల దగ్గరా, బస్సులోనూ ఎవరైనా మీదే ఊరండీ అని అడిగితే నేను ఉలిక్కిపడేవాణ్ణి, కాకినాడ అనాలో హైదరాబాదు అనాలో తెలియక నీళ్ళు నమిలేవాణ్ణి. ఇప్పుడు తడుముకోకుండా, ఇక్కడే బాబూ, చిక్కడపల్లి, అని చెప్పగలను. అడిగేవాళ్ళే లేరు.