గాదీ మీద కాళ్లు

ఈ కబురు మొదట తెచ్చింది, మాలాగే తెలంగాణ నుంచి బతకడానికొచ్చి కడోదరాలో ఉండే మా ఆడబిడ్డ. మా మరిది తను పనిచేసే చీరల దుకాణంలో తీసిన సినిమాను కతర్‌గామ్‌లో వజ్రాలు సానపట్టే కుర్రాళ్లు మళ్లీ మళ్లీ చూస్తున్నారట. "మా తమ్ముడు హీరో అయిండు వదినా" అని ఫోన్లో నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ సినిమా పేరెత్తితే ఇప్పటికీ నా చూపు దేవుడి గూటి వైపే పోతుంది.

సినిమా అంటే పెద్దదేం కాదు. దుకాణం సెలవు రోజుల్లో మరిది, ఇద్దరు తోటి సేల్స్‌మెన్ కలిసి ఒక్క ఫోనుతో తీశారు. కథా వాళ్లదే. గిరాకీ వస్తే లేవడానికి బద్ధకించే ఇద్దరు, ఏ చీర అడిగినా, అక్కా అన్నట్టుగా, "చీరల మాల్ పైన ఉంది బెన్, రేపు రండి" అంటారు. అసలు పైన అంతస్తే లేదు. ఒకడు చూపించడానికని చీర భుజాన వేసుకుని, అలాగే నిలబడి నిద్రపోతాడు. ఇంట్లో చూపించిన రోజు మావారు నవ్వి నవ్వి దగ్గారు.

నా నవ్వు మాత్రం సగంలోనే ఆగింది. ఒక సన్నివేశంలో మరిది పడుకున్నది గాదీ మీద. సేఠ్ రోజూ కళ్లకద్దుకుని కూర్చునే తెల్ల పరుపు అది. దాని వెనక గోడకు లక్ష్మీదేవి పటం ఉంటుంది. ఇతగాడి కాళ్లు, చెప్పులతో సహా, అటువైపే.

"గా కాళ్లెటు పెట్టినవో చూసుకున్నవా?" అన్నాను.

"యాక్టింగ్ వదినా. సేఠ్ గిసొంటివి చూస్తడా?" అన్నాడు.

సేఠ్ చూశాడు. ఆయన కోడలే చూపించింది. మర్నాడు పొద్దున్నే ముగ్గురినీ రమ్మని కబురు. అప్పటికే మూడు నౌకరీలు పోగొట్టుకున్న మరిదికి, మావారు మగ్గం వదిలి వారం తిరిగి, చేతులు జోడించి పెట్టించిన నౌకరీ అది. బద్ధకాన్ని ఎక్కిరిస్తే సేఠ్ ఊరుకుంటాడేమో, గాదీని తొక్కితే ఊరుకుంటాడా? మా దేవుడి గూట్లో ఉన్నదీ ఆ తల్లే. ఆ పొద్దు మరిది దుకాణానికి పోయాక దీపం పెట్టడానికి నాకే ముఖం చెల్లలేదు. పెట్టాను, వత్తి రెండుసార్లు ఆరింది. పప్పులో ఉప్పు వేశానో లేదో తెలియదు. మా వడోద్ గల్లీలో ఏ బండి ఆగినా గుమ్మంలోకి పరుగెత్తాను.

మధ్యాహ్నం మరిది వచ్చి, చెంబెడు నీళ్లు తాగి చెప్పాడు. రేపటి నుంచి రావద్దని సేఠ్ అనేశాడట. అప్పుడు దుకాణంలో చీరలు మడతపెట్టే పెద్దాయన, మా తెలంగాణవారే, లేచి నిలబడ్డారట. రోజూ దుకాణం ముందుగా తెరిచేది ఆయనే, సినిమా తీసిన సెలవు రోజుల్లోనూ. "గాదీ నేను ముందే లోపల పెట్టిన సేఠ్. గది నా ఇంటి దుప్పటి, కింద అట్టపెట్టెలు. తల్లి పటానికి ఎర్రచీర కప్పిన. జర మంచిగ చూడుండ్రి" అన్నారట. సేఠ్ ఫోన్ తీసి మళ్లీ చూశాడు. గోడకు ఎర్రచీరే ఉంది.

"పని దొంగలకు పక్క కూడా నువ్వే వేశావా కాకా" అని సేఠ్ నవ్వేశాడట, ముగ్గురినీ ఎప్పట్లాగే పనిలోకి రమ్మన్నాడట.

"మాకే తెల్వదు వదినా. నడుము పట్టుకుంటే, గాదీ గింత గట్టిగైందేందనుకున్న" అన్నాడు మరిది. నేను దేవుడి గూటి ముందు కూలబడ్డాను. ఏడ్చానో, దండం పెట్టానో.

ఆ పెద్దాయన నిరుడు కాలం చేశారు. బడికి పోకుండా మా అమ్మ దగ్గరే అక్షరాలు నేర్చినదాన్ని, మొన్న సినిమా మళ్లీ పెట్టుకుని, చివరి పేర్లు ఆపి ఆపి, కూడబలుక్కుని చదివాను. ఆయన పేరు లేదు. కానీ ప్రతి సన్నివేశంలోనూ వెనకాల ఉన్నారు. మనిషి పోయి ఏడాదైనా, అక్కడ ఆయన చీరలు మడతపెడుతూనే ఉన్నారు. మీరెప్పుడైనా ఆ సినిమా చూస్తే, నవ్వుకున్నాక, ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.